ఎదురుకాళ్ళను పట్టిన చేయి



మేడమ్ పేరిట నెలకొల్పిన ఈ స్మారకోపన్యాసం ఈ ఏడు నన్ను ఇవ్వమన్నారు. ఏం మాట్లాడాలా అని ఎక్కువ ఆలోచించలేదు. పీజీగా ఆవిడ దగ్గర మూడేళ్ళు పనిచేశాను. ఆవిడ నేర్పిన వాటిల్లో చాలామటుకు ఇప్పటికీ కాలేజీల్లో నేర్పుతూనే ఉన్నారు. ఒక్కటి మాత్రం నేర్పేవాళ్ళు కరువైపోతున్నారు. అది ఎదురుకాళ్ళ కాన్పు. మా భాషలో బ్రీచ్.

మా అమ్మమ్మగారి ఊళ్ళో మా రెండో మేనమామ ఎదురుకాళ్ళతో పుట్టాడు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని, పొద్దున్నే వాకిట్లో ఎవరో ఒకరు నడుం పట్టుకుని నిలబడి ఉండేవారు. బిందె ఎత్తబోతే పట్టేసిందని ఒకరు, మోపు దించుతుంటే కలుక్కుమందని ఒకరు. మామయ్య బయటికొచ్చి వాళ్ళ నడుం మీద కాలితో మెల్లగా మూడుసార్లు తాకించేవాడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుం పట్టు వదులుతుందని తెలుగునాట చాలా ఊళ్ళలో నమ్మకం.

డాక్టరునయ్యాక ఒకసారి అమ్మమ్మను అడిగాను, మామయ్య కాన్పు ఎలా జరిగిందని.

"నాకు స్పృహ ఎక్కడుందే! గదిలో మంత్రసాని ఒక్కతే ఉంది. కాళ్ళు కనపడ్డాయిట. తొందరపడకమ్మా, వాడే వస్తాడు, రానీ అంది. ఆ మాటొక్కటే గుర్తు."

"ఆవిడ పేరేంటి అమ్మమ్మా?"

చాలాసేపు ఆలోచించింది. గుర్తు రాలేదు.

ఆ కాళ్ళకు మహిమ ఉందని ఊరంతా నమ్మింది. ఆ కాళ్ళను పట్టిన చేయి ఎవరిదో ఊళ్ళో ఒక్కరికీ గుర్తు లేదు. ఆ చేయి గురించే ఇవాళ నేను మాట్లాడాలనుకుంటున్నాను.

తల వెనకబడితే ఏమవుతుంది

ఏడో నెలలో, అంటే 28 వారాల దగ్గర, నూటికి 20 నుంచి 25 మంది బిడ్డలు తల పైకి, పిరుదులు కిందికి పెట్టుకునే ఉంటారు. అప్పటికి ఉమ్మనీటిలో తిరగడానికి బోలెడు చోటు. నెలలు నిండేసరికి చాలామంది తమంతట తామే తల కిందికి తెచ్చుకుంటారు. చివరికి అలాగే ఉండిపోయేది నూటికి ముగ్గురో నలుగురో. కొందరిలో దీనికి కారణం దొరుకుతుంది. గర్భసంచి ఆకారంలో తేడా, గడ్డలు, మాయ కిందికి ఉండడం, ఉమ్మనీరు మరీ ఎక్కువ కావడం లేదా తగ్గడం, కవలలు, నెలలు నిండకుండా నొప్పులు రావడం లాంటివి. ఎక్కువమందిలో ఏ కారణమూ కనిపించదు. కాబట్టి తల్లి ఎడమవైపు పడుకోలేదనో, బరువులెత్తిందనో, గ్రహణం చూసిందనో ఆమెను ఆడిపోసుకోవద్దని మొదట కుటుంబాలకు మనవి చేస్తున్నాను.

లోపల బిడ్డ మూడు రకాలుగా కూర్చుంటుంది. రెండు కాళ్ళూ మొహం దాకా చాపుకుని పిరుదులతో రావడం ఒకటి. బాసింపట్టు వేసుకున్నట్టు మోకాళ్ళు మడుచుకుని రావడం రెండోది. పాదమే ముందు కిందికి దిగడం మూడోది. ఈ మూడో దాంట్లో బొడ్డుతాడు జారిపోయే ప్రమాదం మిగతా రెండింటికన్నా బాగా ఎక్కువ.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, బిడ్డ ఒంట్లో అన్నిటికన్నా పెద్దదీ గట్టిదీ తలే. మామూలు కాన్పులో అది ముందు వస్తుంది. గంటల తరబడి నొప్పుల్లో పుర్రె ఎముకలు ఒకదాని మీదికి ఒకటి జరుగుతూ తల్లి కటి ఎముకల దారికి సర్దుకుంటాయి. తల దాటితే ఒళ్ళు జారిపోతుంది. ఎదురుకాళ్ళ కాన్పులో మెత్తనివన్నీ ముందొచ్చి తల ఆఖరున మిగులుతుంది. సర్దుకోవడానికి దానికి గంటల వ్యవధి ఉండదు. బొడ్డు బయటపడ్డాక బొడ్డుతాడు తలకూ ఎముకకూ మధ్య నలుగుతుంది. అక్కణ్ణుంచి లెక్క నిమిషాల్లోనే. నెలలు నిండని బిడ్డకైతే సన్నటి ఒళ్ళు సగం తెరుచుకున్న గర్భసంచి ముఖద్వారంలోంచే జారి వచ్చేస్తుంది, తల లోపల చిక్కుకుంటుంది.

భయం నిజమైనదే. మంత్రసాని అన్న 'తొందరపడకు' అనే మాట కూడా అంతే నిజం. ఎందుకంటే ఒళ్ళు పట్టి లాగితే బిడ్డ చేతులు తల మీదికి పోతాయి, గడ్డం పైకి లేస్తుంది. అప్పుడు దాటాల్సిన తల ఇంకా పెద్దదవుతుంది. ఆ గదిలో ప్రాణం తీసేవి తరచుగా భయపడ్డ చేతులే.

చేతి నుంచి చేతికి

సుశ్రుత సంహిత చికిత్సా స్థానం 15వ అధ్యాయం మూఢగర్భం గురించి. రెండు కాళ్ళతో వస్తే ఎలా తీయాలి, ఒక్క కాలే దిగితే రెండోదాన్ని ఎలా చాపాలి, పిరుదులతో వస్తే వాటిని పైకి నెట్టి కాళ్ళను ఎలా దించాలి అని అక్కడ వరసగా ఉంది. ఇంతకన్నా కష్టమైన పని ఇంకొకటి లేదనీ, కంటికి కనపడని చోట కేవలం స్పర్శతో చేయాలనీ కూడా ఉంది. స్కానింగులు వచ్చిన ఈ రోజుల్లోనూ లేబర్ రూములో ఆ మాట మారలేదు.

ఫ్రాన్సులో ఫ్రాన్స్వా మోరిసో 1668లో తన గ్రంథం ప్రచురించాడు. ఆఖరున తల ఎలా తీయాలో ఇవాళ్టికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటాం. చేతులు పైకి పోతే బిడ్డను మెల్లగా తిప్పుతూ ఒక్కో భుజాన్నీ దించే పద్ధతిని నార్వే వైద్యుడు యోర్గెన్ లవ్‌సెట్ 1937లో వివరించాడు. మా పరీక్షల్లో ఈ పేర్లన్నీ అప్పజెప్పేవాళ్ళం.

మేడమ్ మాకు చెప్పిన పేరు మాత్రం ఇంకొకటి, ఆంజెలిక్ దు కూద్రే. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి మంత్రసాని. గుడ్డ, తోలు, దూది కూర్చి ఆమె అసలు కొలతల్లో కటిభాగాన్నీ, దానిలోంచి పుట్టే పాపాయి బొమ్మనూ కుట్టింది. 1759లో రాజు పదిహేనో లూయీ ఆమెకు అనుమతిపత్రం ఇచ్చాడు. ఆ బొమ్మను వెంటేసుకుని ఇరవై ఏళ్ళకు పైగా ఊరూరూ తిరిగి, చదువు రాని పల్లెటూరి ఆడవాళ్ళతో సహా వేలమందికి కాన్పు చేయడం నేర్పింది. ఆమె చేసిన బొమ్మల్లో మిగిలిన ఒకటి రూయెన్ నగరంలోని మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఆ కథ ఎక్కడ చదివారో గానీ, మేడమ్ కూడా ఒక బొమ్మ కుట్టారు. పాత నేతచీర గుడ్డ, లోపల దూది, తలకు మాత్రం గట్టిగా ఉండాలని కొబ్బరిచిప్ప. నడినెత్తిన చిన్న పలక గుర్తు ఎర్రదారంతో కుట్టారు, వేలికి తగిలితే తల ఎటు తిరిగిందో తెలియాలని. మెడ దగ్గర మూడుసార్లు చిరిగి మూడు రంగుల దారాలతో అతుకులు పడ్డాయి. ప్రతి బుధవారం సాయంత్రం ఓపీ అయ్యాక, పీజీలతో పాటు సిస్టర్లనూ ఆయాలనూ కూడా పిలిచి దాన్ని పెల్విస్ ఎముకలోంచి బయటకు తీయించేవారు. ఆయాలెందుకు మేడమ్ అని ఎవరో అడిగితే, "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. రాత్రి రెండింటికి ఎవరి చేయి దగ్గరుంటే ఆ చేయే పట్టాలి" అన్నారు.

నా మొదటి ఎదురుకాళ్ళ కాన్పు అలాంటి రెండింటికే వచ్చింది. మూడో కాన్పు తల్లి, ఆటోలో తీసుకొచ్చారు. బల్ల మీద పడుకోబెట్టేసరికే పిరుదులు కనపడుతున్నాయి. నా రెండు చేతులూ ముందుకు వెళ్ళిపోయాయి. వెనక నుంచి మేడమ్ గొంతు, "చేతులు కట్టుకో." కట్టుకున్నాను. నొప్పి వచ్చినప్పుడు తల్లి ముక్కింది, బొడ్డు దాకా తనంతట తనే వచ్చింది. "వీపు పైకే ఉందా చూడు. పొడి గుడ్డ చుట్టు. పట్టుకుంటే తుంటి ఎముకల మీదే, పొట్ట మీద కాదు." భుజాలు దిగాయి. "ఇప్పుడు వదిలెయ్. దాని బరువుకు అదే వేలాడుతుంది. మెడ మీద వెంట్రుకలు కనపడేదాకా ఆగు." నా జీవితంలో అంత పొడుగాటి అరనిమిషం మళ్ళీ రాలేదు. వెంట్రుకలు కనపడ్డాయి. పాపను నా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, రెండు వేళ్ళు బుగ్గ ఎముకల మీద ఆనించాను. సిస్టర్ పైనుంచి పొత్తికడుపు మీద అదిమి పట్టారు. గడ్డం, నోరు, ముక్కు, నుదురు ఒక్కొక్కటిగా జారి వచ్చాయి. ఏడుపు వినపడ్డాక చూస్తే మేడమ్ చేతులు ఇంకా వెనక్కే కట్టుకుని ఉన్నాయి. ఆవిడ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన క్షణం వస్తే ముట్టుకోవడానికి అంగుళం దూరంలో నిలబడ్డారంతే.

2000 తరువాత

2000 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కెనడాకు చెందిన మేరీ హన్నా ఆధ్వర్యంలో 26 దేశాల్లోని 121 కేంద్రాల్లో, ఎదురుకాళ్ళ బిడ్డలున్న 2,088 మంది తల్లులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ముందే నిర్ణయించిన సిజేరియన్, రెండో జట్టుకు మామూలు కాన్పు ప్రయత్నం. బిడ్డ చనిపోవడం లేదా తీవ్రంగా దెబ్బతినడం మొదటి జట్టులో 1.6 శాతం, రెండో జట్టులో 5 శాతం. ప్రపంచమంతా ఆ రెండు అంకెలను పట్టుకుంది. నెదర్లాండ్స్‌లో బ్రీచ్ సిజేరియన్లు రెండు నెలల్లో 50 శాతం నుంచి 80 శాతానికి పెరిగాయి.

ఆ పరిశోధనను కొట్టిపారేయడానికి నేను ఇక్కడికి రాలేదు. ఆ మార్పు తరువాత నెదర్లాండ్స్‌లో ఎదురుకాళ్ళ బిడ్డల మరణాలు 0.35 శాతం నుంచి 0.18 శాతానికి తగ్గాయి. బతికిన ఆ బిడ్డలు ఎవరో ఒకరి కడుపుపంట. అదే దేశంలో 2000 నుంచి 2002 మధ్య, బ్రీచ్ కోసం ముందే నిర్ణయించి చేసిన సిజేరియన్ల తరువాత నలుగురు తల్లులు చనిపోయారు. ఆ నలుగురినీ లెక్కలోంచి తీసేయడం తగదు.

2004లో హన్నా బృందమే పిల్లలకు రెండేళ్ళు వచ్చాక మళ్ళీ చూసింది. మరణం, ఎదుగుదల లోపం కలిపి చూస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2006లో ఫ్రాన్సు, బెల్జియంలలోని 174 ఆసుపత్రుల నుంచి 8,105 మంది తల్లుల వివరాలు వచ్చాయి. అక్కడ మామూలు కాన్పుకు తల్లులను జాగ్రత్తగా ఎంచుకుంటారు, కాన్పు చేసే చేతులకు అలవాటు తప్పలేదు. బిడ్డకు జరిగిన కీడు మామూలు కాన్పు జట్టులో 1.60 శాతం, సిజేరియన్ జట్టులో 1.45 శాతం. బ్రిటన్ రాయల్ కాలేజీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు తల్లికి చెప్పాల్సిన లెక్కను సూటిగా చెప్పాయి. బిడ్డకు ప్రాణాపాయం 39 వారాల తరువాత సిజేరియన్‌లో వెయ్యికి 0.5, ఎదురుకాళ్ళ మామూలు కాన్పులో వెయ్యికి 2, తల ముందున్న మామూలు కాన్పులో వెయ్యికి 1.

వీటన్నిటినీ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది. నేర్చిన చేయి ఉన్నచోట తల్లికి రెండు దారులుంటాయి. లేనిచోట సిజేరియనే మంచిది, ఆ మాట నేనే తల్లికి చెబుతాను. కానీ అన్నీ సిజేరియన్లే చేస్తూ పోతే ఆ చేయి తరువాతి తరానికి తయారవదు. అప్పుడు ఆపరేషన్‌కు వ్యవధి లేకుండా వచ్చే తల్లికి ఒక్క దారీ మిగలదు.

అలాంటి తల్లులు వస్తూనే ఉంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. ఇన్ని ఆపరేషన్లు జరుగుతున్న నేల మీద కూడా నొప్పులు ముహూర్తం అడిగి రావు, అంబులెన్సు వాగు దగ్గర ఆగుతుంది, ఎనిమిదో నెలలోనే ఉమ్మనీరు పోతుంది. పైగా మొదటి కాన్పుకు పడ్డ కోత తరువాతి కాన్పుల్లోనూ తల్లి వెంటే వస్తుంది. మాయ కిందికి ఉన్న తల్లుల్లో అది గర్భసంచి గోడలోకి పాతుకుపోవడం రెండో సిజేరియన్‌కు 11 శాతం, మూడోదానికి 40 శాతం అని 2006లో వచ్చిన అమెరికా అధ్యయనం చెబుతుంది.

ఒక వానాకాలం రాత్రి

చాలా ఏళ్ళ కిందటి మాట. నేను పనిచేసే చోటుకు దూరంగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఒక తల్లిని పంపారు. బిడ్డ ఒళ్ళు అక్కడే వచ్చేసింది, తల రాలేదు. మా దగ్గరికి చేరేసరికి చేయగలిగింది తల్లిని కాపాడుకోవడమే. వెంట వచ్చిన నర్సుకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. వరండాలో గోడకు ఆనుకుని, "లాగాను మేడమ్. భయమేసి లాగేశాను" అంటూ ఏడ్చింది. ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. చేతులు కట్టుకో అని చెప్పడానికి ఆమె వెనక ఎవరూ నిలబడలేదు.

మర్నాడు ఆ తల్లి దిండు కింద నుంచి ఫైలు తీసి ఇచ్చింది. నాలుగు స్కానింగులు. ఆఖరి కాగితంలో బ్రీచ్ అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది.

"కాగితంలో రాసుందంటగా డాక్టరమ్మా. నాకెవరూ చెప్పలేదు."

ఆమెకు నేనేం జవాబు చెప్పగలను? ఆ తరువాత నా ఓపీలో ఏ తల్లి ఫైలు తెరిచినా ఆ గొంతు వినపడుతూనే ఉంది.

పిల్లిమొగ్గ

ముందే తెలిస్తే చేయగలిగింది ఉంది. 36వ వారంలో పొట్ట మీద రెండు చేతులూ ఆనిస్తే చాలావరకు తెలిసిపోతుంది. పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా, వేళ్ళ మధ్య ఆడేది తల. "పైన బంతిలా తగులుతోంది, తన్నులు కింద పడుతున్నాయి" అని తల్లే చెబుతుంది, వినాలి. అనుమానం వస్తే స్కానింగ్ తేలుస్తుంది.

అప్పుడు బయటి నుంచి తిప్పి చూడవచ్చు. తొలి కాన్పుకు 36 వారాల నుంచి, తరువాతి కాన్పులకు 37 వారాల నుంచి. ఒకసారి ఒక తల్లిని బల్ల మీద పడుకోబెడుతుంటే వాళ్ళ అత్తగారు, "మా ఊళ్ళో పెద్దోళ్ళు తిప్పేవాళ్ళు డాక్టరుగారూ, మీరూ తిప్పుతారా?" అని అడిగింది. తిప్పుతామమ్మా, కానీ బిడ్డ గుండె చప్పుడు వింటూ తిప్పుతాం అన్నాను. గర్భసంచి వదులవడానికి ఇంజెక్షన్ ఇచ్చి, పిరుదులను కటిలోంచి పైకి లేపి, తలను వంచుతూ ముందుకు నడిపించాం. మూడు నిమిషాల తరువాత నా అరచేతుల కింద బిడ్డ ఒక్కసారిగా పిల్లిమొగ్గ వేసింది. పొట్ట మీద ఆ అల కదలడం అత్తగారు కూడా చూసింది.

ప్రతిసారీ తిరగదు. సుమారు సగం మందిలో తిరుగుతుంది. దాదాపు 200 మందిలో ఒకరికి వెంటనే సిజేరియన్ చేయాల్సి రావచ్చు, అందుకే థియేటర్ సిద్ధంగా ఉన్నచోటే చేయాలి. మాయ కిందికి ఉన్నా, ఈమధ్య రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, కవలలున్నా చేయకూడదు. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లికి యాంటీ-డి ఇవ్వాలి. ఇంట్లో నూనె రాయించి తిప్పించుకోవడం మాత్రం ఎన్నడూ వద్దు. ఇక ఎదురుకాళ్ళ బిడ్డ ఏ దారిన పుట్టినా, ఆరు వారాలకు తుంటి కీళ్ళు స్కానింగ్ చేయించడం మరిచిపోవద్దు. ఆ కీలు సరిగ్గా కూర్చోకపోవడం ఈ పిల్లల్లో ఎక్కువ.

మేడమ్‌కు మనం బాకీ ఉన్నది

ఇక్కడున్న పీజీలను, సిస్టర్లను నేను అడిగేవి మూడు. 36వ వారంలో ప్రతి తల్లి పొట్ట మీదా చేయి వేయండి. కాగితంలో ఉన్నది తల్లికి ఆమె భాషలో చెప్పండి, తిప్పే వీలుందనీ, సిజేరియన్ అయితే ఇదీ, మామూలు కాన్పయితే ఇదీ అని. మూడోది, అందరూ ఈ చేతిపని నేర్చుకోండి. మామూలు కాన్పులు మీ చేతుల మీద ఎక్కువ జరగకపోవచ్చు. సిజేరియన్‌లో కోత లోంచి ఎదురుకాళ్ళ బిడ్డను తీసేటప్పుడూ వీపు పైకి ఉంచడం, భుజాలు తిప్పడం, గడ్డం వంచడం అవే కదా. ప్రతి ఆపరేషనూ ఒక బుధవారం సాయంత్రమే అనుకోండి.

2017లో తెలంగాణ ప్రభుత్వం నర్సులను మిడ్‌వైఫులుగా తీర్చిదిద్దే శిక్షణ మొదలుపెట్టింది. మంత్రసాని పనికి మళ్ళీ గౌరవం దక్కే దారి అది. పేరు లేకుండా పోయిన మా అమ్మమ్మ మంత్రసానికి వారసులు ఈ అమ్మాయిలేనని నేను నమ్ముతున్నాను. వాళ్ళ వెనక అంగుళం దూరంలో నిలబడే పెద్దదిక్కుగా మనం ఉండాలి.

మేడమ్ కుటుంబ సభ్యులతో నిన్న మాట్లాడాను. ఈ ఉపన్యాసపు ధర్మనిధి వడ్డీలో కొంత తీసి, వచ్చే ఏడు నుంచి ఉపన్యాసం రోజున చుట్టుపక్కల పీహెచ్‌సీల సిస్టర్లకు ఒక పూట చేతి శిక్షణ పెట్టడానికి వారు సంతోషంగా ఒప్పుకున్నారు. వారికి మీ అందరి తరఫునా కృతజ్ఞతలు.

మేడమ్ కుట్టిన బొమ్మ ఇన్నాళ్ళూ నా బీరువాలో ఉంది. ఇవాళ తెచ్చాను. అదిగో, ఆ బల్ల మీద పెల్విస్ పక్కన ఉంది. మెడ దగ్గర నాలుగో అతుకు రాత్రి నేనే వేశాను, పసుపుదారంతో. ఇక అది నాది కాదు, లేబర్ రూముది. టీకి వెళ్ళేముందు ఒక్కొక్కరూ వచ్చి దాన్ని బయటకు తీయండి. వెనక వరుసలోని సిస్టర్లు ముందు రండి. నేను మీ వెనక నిలబడతాను, చేతులు కట్టుకుని.